రొట్టెతో చెరిపిన గీత

మా ఆఫీసులో రొట్టె ముట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట ఇవాళ్టి వాళ్ళకి నవ్వులాటగా ఉండవచ్చు. నేను చెప్పేది ధవళేశ్వరంలో కాలవ పనుల ఆఫీసులో నేను ట్రేసరుగా చేరిన నాటి సంగతి. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. కాకినాడ వెళ్ళాలన్నా, ధాన్యం పంపాలన్నా కాలవలో పడవే దిక్కు.

నక్షాలు గీసే గదిలో పని ఇలా జరిగేది. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చే మందపాటి కాగితం మీద ముందు పెన్సిలుతో నక్షా గీసేవారు. గంజి పెట్టి నున్నగా చేసిన పల్చటి గుడ్డని దాని మీద పరిచి, కింద కనబడే గీతల్ని నల్ల సిరాతో దిద్దడం ట్రేసరు పని. దిద్దినవాడు కింద కుడి మూల తన పొడి అక్షరాలు వేయాలి. పెన్సిలుతో గీసినవారు వేయనక్కర్లేదు, ఎందుకంటే ఆ కాగితం నిలవ ఉండదు. కాగితం ఖరీదైనది గనక, గుడ్డ మీదికి ఎక్కిన నక్షాని శనివారం నాడు చెరిపేసి మళ్ళీ వాడుకునేవాళ్ళం. రబ్బరు పెడితే పై పొర రేగిపోతుందని మా ఇంజనీరు దొరగారు ఒప్పుకునేవారు కారు. రొట్టె లోపలి మెత్తటి భాగం తీసి, ఉండ చేసి రుద్దాలి. దొరల కోసం రొట్టె కాల్చే కొట్టులో పిండి పులియడానికి కల్లు కలిపేవారు. కల్లు కలిపిన పదార్థాన్ని మా గదిలో బ్రాహ్మణులు చేత్తో తాకరు కదా. నేను మిషను బడిలో చదువుకున్న కిరస్తానీ కుర్రవాణ్ణి. కనక శనివారం రొట్టె నా వంతు.

మా నాన్న పడవ మనిషి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగాలి. అలా లాగి లాగి ఆయన కుడి భుజం మీద చర్మం చెప్పు తోలులా గట్టిపడింది. నాకు టెంపరరీ ఉద్యోగం దొరికిన నాడు ఆయన ఒకటే అడిగాడు, "పర్మనెంటు ఎప్పుడు చేస్తార్రా?" అని. పర్మనెంటు అయితే ఆయన్ని తాడు దించి ఇంట్లో కూర్చోబెట్టవచ్చని నా ఆశ. ఆ రోజుల్లో నాకు అంతకు మించిన కోరిక ఇంకోటి లేదు.

మా గదికి పెద్ద ఒక పంతులుగారు. ఇరవై ఏళ్ళుగా నక్షాలు గీస్తున్నారు. చెయ్యి ఎంత నిలకడ అంటే, ఆయన గీసిన గీత మీద స్కేలు పెట్టి చూసి మేం ముక్కున వేలేసుకునేవాళ్ళం. మనిషి మంచి మాటకారి. నన్ను "అబ్బాయ్" అని తప్ప పిలిచేవారు కారు. మధ్యాహ్నం భోజనానికి తన ఇంటి అరుగు మీద నాకు ఆకు వేయించేవారు. ఆయన లోపల తినేవారు, నేను అరుగు మీద తినేవాణ్ణి. తిన్నాక నా ఆకు నేనే తీసి, కూర్చున్న చోట నేనే నీళ్ళు చల్లాలి. అది నాకు అవమానంగా తోచలేదు. అంతకుముందు అరుగు దాకా రానిచ్చినవాళ్ళే లేరు. ఆయనంటే నాకు ప్రాణం. ఈ మాట సిగ్గు లేకుండానే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత వచ్చిన కోపమంతా దీనిలోంచి పుట్టిందే.

కాలవ మీద కట్టే వంతెనల కమానులకి గీత గీయడం పంతులుగారికి పెద్ద బెడద. ఆ వంపుకి సూత్రం దొరగారు ఇచ్చేవారు. పంతులుగారు ఒక్కొక్క అడుగుకీ ఎత్తు ఎంతో లెక్క కట్టి, ఇరవై పాతిక చుక్కలు పెట్టి, వెదురు బద్ద వంచి వాటిని కలిపేవారు. అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఎక్కడో కంటితో చూసి పోల్చుకునేవారు. ఒక పూట పట్టేది. ఒక లెక్క తప్పితే బద్ద వంగదు, మళ్ళీ మొదటికి.

నాకు మెట్రిక్యులేషన్‌లో ఇంగ్లీషు పోయింది గాని బీజగణితం మాత్రం మంచినీళ్ళ ప్రాయం. ఆ రకం సూత్రం చూడగానే గీత ఎలా ఉంటుందో నాకు కళ్ళకి కట్టేది. ఒక మధ్యాహ్నం అరుగు మీద, తిన్నాక, బొగ్గు ముక్కతో గీసి ఆయనకి చూపించాను.

"ఎనిమిది ఎక్స్‌లోంచి ఎక్స్ వర్గం తీసేస్తే వచ్చే గీత ఇదండి. వర్గానికి ముందు తీసివేత ఉంది గనక ఇది బోర్లించిన గిన్నె. కలిపే గుర్తు ఉంటే వెల్లకిలా పెట్టిన గిన్నె. ముందు సున్న వేసి చూడండి. ఎత్తు సున్న. అంటే ఇక్కడే నేల నుంచి లేస్తుంది. మళ్ళీ నేలని ఎక్కడ తాకుతుంది? ఎనిమిది వేస్తే అరవై నాలుగులోంచి అరవై నాలుగు పోయి మళ్ళీ సున్న. ఈ రెండు చోట్లూ ఒకే ఎత్తు. కనక సరిగ్గా వాటి మధ్య, నాలుగు దగ్గర, శిఖరం. నాలుగు వేయండి. ముప్ఫై రెండులోంచి పదహారు పోతే పదహారు. అదే అన్నిటికన్నా ఎత్తు."

"అంతేనా?"

"అంతేనండి. ఆ నాలుగు దగ్గర నిలువు గీత ఒకటి గీసి, కాగితం అక్కడ మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఒక పక్క లెక్క కడితే చాలు, రెండో పక్క ఊరికే వస్తుంది."

ఆయన ఆ బొగ్గు గీత మీద నుంచి కళ్ళు తీయకుండానే లోపలికి కేక వేశారు. "ఏమే, అబ్బాయికి ఇంకాస్త మజ్జిగ పొయ్యి."

నెల రోజులు అలా నేర్పాను. ఆయన బుర్ర చురుకైనదే. కాని నేర్చుకోవడంలో ఒక గుణం ఉంది. ఎందుకు అని అడిగేవారు కారు. ఏం చెయ్యాలో చెప్పమనేవారు. "ఒకే ఎత్తున ఉన్న రెండు చోట్లు వెతకాలండి, వాటికే మధ్య చూడాలి" అని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఆయన పుస్తకంలో రాసుకున్నది మాత్రం, "రెండు కొనల మధ్య సగం" అని. కమానుకి రెండు కొనలూ ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. కనక ఆయన రాసుకున్నది ఎక్కడా తప్పలేదు. నేనూ పట్టించుకోలేదు.

పూట పట్టే నక్షా గంటలో అయిపోతూంటే దొరగారు గమనించకుండా ఉంటారా? ఒక రోజు గదిలోకి వచ్చి, అందరి ముందూ పంతులుగారి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన పుస్తకం తీసుకుని తిరగేశారు. ఎర్ర సిరాతో పెట్టిన శీర్షికలు, చక్కటి అక్షరాలు, నా అరుగు పాఠం మొత్తం అందులో ఉంది, నేను తప్ప. నేను నా బల్ల దగ్గర నిలబడి, ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు నన్ను చూపిస్తారు అని ఎదురుచూశాను. పంతులుగారు వినయంగా తల వంచి, "అంతా తమ దయ అండి" అన్నారు. ఆ నాటి నుంచి దాని పేరు పంతులుగారి పద్ధతి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం అరుగు మీద అన్నం కలపకుండా కూర్చున్నాను. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"కోపమొచ్చిందా ఏంటి అబ్బాయ్? అందరి ముందూ నీ పేరెత్తితే మిగతావాళ్ళు నిన్ను బతకనిస్తారా? టెంపరరీవాడివి. నేను దొరగారితో విడిగా చెప్పానోయ్. పర్మనెంటు లిస్టు వచ్చేదాకా ఓపిక పట్టు."

నేను నమ్మాను. అన్నం కలుపుకుని తిన్నాను. ఆయన దొరగారితో ఒక్క ముక్క కూడా చెప్పలేదని నాకు చాలాకాలానికి గాని తెలియలేదు.

ఆ వేసవిలో కాలవ కట్టేసి ఉన్నప్పుడు తంతి తీగ పని వచ్చింది. ధవళేశ్వరానికి కాస్త దిగువన టెలిగ్రాఫ్ తీగ కాలవ దాటాలి. తీగ వాళ్ళది, కాలవ మాది. పడవల తెరచాప కొయ్యలకి తగలకుండా తీగ ఎంత ఎత్తున వేలాడాలో మేం నక్షా గీసి పంపాలి. ఆ మేరలో వంతెన లేదు గనక పడవల వాళ్ళు కొయ్య దించరు. పైగా లాగే తాడు కట్టేది ఆ కొయ్యకే. పెద్ద కొయ్యలు నీటి మీద నుంచి ఇరవై ఆరు అడుగులు ఉంటాయని నేనే నాన్నని అడిగి కనుక్కుని వచ్చాను.

రెండు స్తంభాలకీ మధ్య రెండు వందల నలభై అడుగులు. గళ్ళ కాగితం మీద గడికి ఇరవై అడుగుల చొప్పున పన్నెండు గళ్ళు. చిక్కెక్కడ వచ్చిందంటే, రెండు గట్లూ సమానంగా లేవు. పడవలు లాగే దారి ఉన్న పక్క గట్టు పల్లం. అక్కడి స్తంభం కొస నీటి మట్టానికి ముప్ఫై అడుగుల ఎత్తు. అవతల పక్క మట్టి దిబ్బ, దాని మీద స్తంభం. దాని కొస నలభై రెండు అడుగులు. వేలాడే తీగకి దొరగారు ఇచ్చిన సూత్రం మాటల్లో చెప్తాను. పల్లపు స్తంభం నుంచి ఎన్ని గళ్ళో ఆ అంకెని దానితోనే హెచ్చవేసి నాలుగో వంతు తీసుకో. అందులోంచి ఆ అంకెకి రెట్టింపు తీసెయ్యి. ముప్ఫై కలుపు.

పంతులుగారు తన పద్ధతి ప్రకారం రెండు కొనల మధ్య సగం చేశారు. ఆరో గడి. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, నాలుగో వంతు తొమ్మిది, అందులోంచి పన్నెండు తీసి ముప్ఫై కలిపితే ఇరవై ఏడు. అన్నిటికన్నా పల్లం కాలవ నడుమ, ఇరవై ఏడు అడుగులు అని పెన్సిలుతో రాశారు. కొయ్యకి అడుగు జాగా ఉంది గనక సరిపోయిందన్నారు. ట్రేసు చెయ్యమని నాకిచ్చారు.

గుడ్డ పరవకముందే నాకు కనబడింది. రెండు కొనలూ ఒకే ఎత్తున లేనప్పుడు వాటి మధ్యకి అర్థమేముంది? ముప్ఫై అడుగుల ఎత్తు మళ్ళీ ఎక్కడ వస్తుందో చూశాను. ఎనిమిదో గడి దగ్గర. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, నాలుగో వంతు పదహారు, రెట్టింపూ పదహారే, రెండూ పోతే మిగిలింది ముప్ఫై. సున్నకీ ఎనిమిదికీ మధ్య నాలుగు. నాలుగో గడిలో తీగ ఇరవై ఆరే అడుగులు. అదీ ఎక్కడ? పల్లపు స్తంభానికి ఎనభై అడుగుల దూరంలో, గట్టు నుంచి లాగే పడవలు సరిగ్గా నడిచే వరసలో.

కాగితం అంచున పెన్సిలుతో ఆ లెక్క వేసి ఆయనకి చూపించాను.

"ఏమండి, తీగ వేలాడే గుంట నడుమ లేదండి. ఇటుపక్క గట్టు దగ్గరికి జరిగింది. అక్కడ మీ లెక్క కన్నా అడుగు తక్కువండి, కొయ్యకి జాగా ఉండదండి."

"సగానికి సగం అని నువ్వే కదటోయ్ చెప్పావు?"

"ఒకే ఎత్తున ఉన్న చోట్లకండి. ఇక్కడ కొనలు ఎత్తుపల్లాలు కదండీ."

ఆయన ముఖం ఎర్రబడింది. గదిలో మరో ఇద్దరు తలలెత్తి చూస్తున్నారు. అప్పటికే ఆ నక్షా సిద్ధమని దొరగారికి కబురు పంపేశారట. గొంతు తగ్గించి అన్నారు, "ఇప్పుడు మారిస్తే నా మాట పోతుంది అబ్బాయ్. నువ్వు ఉన్నదున్నట్టు దిద్దు. తీగ కట్టే నాటికి నేనే దొరగారితో చెప్పి ఆ స్తంభం పెంచేయిస్తాను. నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం లేదా అని అడిగితే లేదని చెప్పే నోరు నాకు లేదు. ఉన్నదున్నట్టు దిద్దాను. కుడి మూల నా పొడి అక్షరాలు వేశాను. ఆ శనివారం ఆయన, "ఆ కాగితం కూడా శుభ్రం చెయ్యి, సోమవారం లాకు పని మొదలెట్టాలి" అంటే, రొట్టె ఉండ తీసుకుని ఆయన అంకెల్నీ, అంచున నా అంకెల్నీ కలిపి నున్నగా చెరిపాను. మచ్చ లేకుండా చెరిపానని మెచ్చుకున్నారు కూడా.

కాలవ వదిలారు. తీగ కట్టారు. ఏరువాక రోజుల్లో నీళ్ళు నిండుగా వచ్చి మామూలు మట్టం మీద అర అడుగు పెరిగాయి. నేను రెండుసార్లు గుర్తు చేశాను. రెండుసార్లూ, "చెప్పానోయ్, చూస్తామన్నారు" అన్నారు.

ఒక పొద్దున నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే నాన్న గట్టు మీద నుంచి పరుగున వచ్చాడు. ఆయన పరిగెత్తగా నేను చూడడం అదే మొదటిసారి. ఆయన పడవకి ముందు వెళ్తున్న ధాన్యం పడవ కొయ్య తీగకి తట్టుకుందట. గట్టు మీద వాళ్ళు తెలియక లాగేస్తూనే ఉన్నారట. కొయ్య మొదలు దగ్గర ఫెళ్ళున విరిగి చుక్కాని దగ్గర కూర్చున్న మనిషి మీద పడి, చెయ్యి మోచేతి పైన రెండు ముక్కలైందట.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ తీగ లెక్క నువ్వు గీసిందేనంట కదా? గట్టు మీద అందరూ అంటున్నారు."

"నేను గీయలేదు నాన్నా. పంతులుగారు గీశారు. నేను దిద్దాను."

"దిద్దడమంటే గీయడం కాదా?"

ఆఫీసుకి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి దొరగారి బల్ల మీద నా ట్రేసింగు గుడ్డ పరిచి ఉంది. పంతులుగారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. దొరగారి వేలు నా పొడి అక్షరాల మీద ఉంది.

నాకు భయం వేయలేదు. పంతులుగారు నిజం చెప్తారనే అనుకున్నాను. అరుగు మీద ఎన్ని నెలలు తిన్నాను! అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. ముఖంలో ఎంతో వాత్సల్యం. దొరగారితో ఇంగ్లీషులో, నాకు ప్రతి ముక్కా అర్థమయ్యేలా నిదానంగా చెప్పారు. ఇన్నాళ్ళూ నా పద్ధతి అంటున్నారు గాని, అది నాది కాదండి, ఈ అబ్బాయిదేనండి, అతనే నాకు నేర్పాడండి, ముసలివాణ్ణి, కుర్రవాడి తెలివి చూసి నమ్మానండి అని.

ఏ మాట కోసం నేను నెలల తరబడి ఎదురుచూశానో ఆ మాటే అది. అక్షరం పొల్లు పోకుండా అదే. నమ్మించి గొంతు కోయడం అంటే ఏంటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. నిజం చెప్పి కూడా కోయవచ్చు.

"పద్ధతి నీదేనా?" అన్నారు దొరగారు.

"నాదేనండి. కాని..."

"ఈ లెక్క వేసిన పెన్సిలు కాగితం ఏది?"

"చెరిపేశామండి."

"ఎవరు చెరిపారు?"

గదిలో అందరూ నన్నే చూశారు. రొట్టె ముట్టుకునేది ఎవరో దొరగారికీ తెలుసు. నేనేనండి అన్నాను. ఇంక ఆగలేక నాకు వచ్చినంత ఇంగ్లీషులో, మిగతాది తెలుగులో, అంతా కక్కేశాను. కొనలు సమానంగా లేనప్పుడు గుంట నడుమ ఉండదని, నాలుగో గడిలో ఇరవై ఆరే వస్తుందని, అదే అంచున రాసి చూపించానని. దొరగారు పెన్సిలు తీసుకుని తనే వేసి చూశారు. నాలుగో గడి. ఇరవై ఆరు. తల ఊపారు. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను.

"అయితే ఇది తప్పని నీకు ముందే తెలుసు. తెలిసీ దిద్ది, నీ అక్షరాలు వేశావు."

దానికి కూడా అవునండి అనే చెప్పాలి. ఆ గదిలో అబద్ధం ఆయనా ఆడలేదు, నేనూ ఆడలేదు, అయినా పుట్టి మునిగింది నాదే. మధ్యాహ్నానికల్లా నా పేరు కొట్టేశారు.

మెట్లు దిగుతుంటే వెనకాలే పంతులుగారు వచ్చారు. కళ్ళు ఎత్తకుండా, "ఇంట్లో ఆకు వేయించాను. తిని వెళ్ళు అబ్బాయ్" అన్నారు.

నేను వెళ్ళాను. ఇది రాయకుండా వదిలేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆయన ముఖాన ఉమ్మి రావలసినవాణ్ణి. పొద్దున్నించి ఏమీ తినలేదు, ఇంటికి వెళ్ళి నాన్నకి ముఖం చూపించే ధైర్యం లేదు, కాళ్ళు రోజూ వెళ్ళే దారినే పోయాయి. పంతులుగారి భార్య ఏమీ తెలియక రోజూ వడ్డించినట్టే వడ్డించారు. తిన్నాను. నా ఆకు నేనే తీశాను. కూర్చున్న చోట నీళ్ళు చల్లాను.

అప్పుడు ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఆ పుస్తకం ఉంది.

"అబ్బాయ్, ఆ కొనలు సమానంగా లేనప్పుడు సంగతి... ఒక్కసారి చెప్పి పోవూ? రేపటికల్లా సరిచేసి పంపమన్నారు."

మనిషికి ఎంత ధైర్యం ఉంటుందో చూడండి! లేచి చక్కా పోదామనుకున్నాను. తప్పు చెప్పి పోదామని కూడా అనిపించింది. అబద్ధం ఎందుకు, బాగా అనిపించింది. నాలుగో గడి బదులు ఇంకో గడి చెప్తే ఆయన ఎందుకని అడగరు, రాసుకుంటారు, అంతే. కాని రేపు మళ్ళీ ఆ తీగ కింద నుంచి నాన్న పడవ వెళ్ళాలి. కొయ్య కింద చుక్కాని దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి.

నేను చల్లిన నీళ్ళలోనే వేలు పెట్టి ఆ అరుగు మీద గీశాను. ముందు మొదటి కొన ఎత్తు చూడండి, అదే ఎత్తు మళ్ళీ ఎక్కడ వస్తుందో చూడండి, ఆ రెంటికీ సగం చెయ్యండి, నిలువు గీత అక్కడ. స్తంభాల సగం కాదు. పల్లపు స్తంభం ఆరడుగులు పెంచితే గుంట ఐదో గడికి జరిగి, ముప్ఫై అడుగులకి కొంచెం తక్కువలో ఉంటుంది. ఏ కొయ్యా తగలదు. ఈసారి ఆయన ఎందుకని అడిగారు. ఎందుకో కూడా చెప్పాను. ఆయన నిలబడే అంతా రాసుకున్నారు.

వారం తిరక్కుండా స్తంభం పెంచారు. నేను ఇంట్లోనే ఉంటున్నాను. ఉద్యోగం పోయిందని నాన్నకి చెప్పాను, ఎలా పోయిందో కూడా చెప్పాను. ఆయన విన్నాడు. కాని గట్టు మీద అందరికీ తెలిసినదేంటంటే, తప్పు చేసిందెవరో పొడి అక్షరాలతో సహా తేలిందని, సరిచేసింది పంతులుగారని.

ఒక సాయంత్రం నాన్న ఉతికిన పంచె కట్టుకుని, భుజం మీద పెద్ద అరటి గెల పెట్టుకుని బయలుదేరాడు. తాడు కాయలు కాచిన ఆ కుడి భుజం మీదే. ఎక్కడికని అడిగాను.

"పడవల వాళ్ళం అందరం కలిసి కొన్నాంరా. పంతులుగారికి ఇచ్చి వస్తాను. అరుగు మీద పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాను. ఇవాళ నా కొయ్య తీగ కింద నుంచి మూడు అడుగుల జాగాతో వెళ్ళింది." గుమ్మం దాటబోతూ ఆగి, నా ముఖం చూడకుండా అన్నాడు, "అంతటి ఆయన దగ్గర ఉండి కూడా పని సరిగ్గా నేర్చుకోలేకపోయావు కదరా."

గెల బరువుకి ఆయన ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. గట్టు మలుపు దాకా కనబడ్డాడు.